బ్రెయిన్ డెత్ పరీక్ష ఇంటివాళ్లను చూడనివ్వండి

ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

మనిషి చనిపోయాడని తేల్చడానికి స్పృహ లేకపోవడం ఒక్కటే సరిపోదండి. వెజిటేటివ్ స్థితిలో, అంటే మెలకువ ఉన్నా స్పృహ ఉన్నట్టు కనిపించని స్థితిలో, ఉన్నవాళ్లు కళ్లు తెరుస్తారు, సొంతంగా ఊపిరి తీసుకుంటారు. అలాంటి ఒకావిడను టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, స్కాన్‌లో ఆమె మెదడు మామూలు మనుషుల మెదడులాగే స్పందించిందని 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆమెను చనిపోయిందని ఎలా అంటాం?

బ్రెయిన్ డెత్, అంటే మెదడు ఇక తిరిగి పనిచేయనంతగా ఆగిపోవడం, వేరు. దాన్ని తేల్చే పరీక్షలో లైటు వేసినా కంటిపాప కదలదు. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తీస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్నా ఛాతీ లేవదు. అయితే ఇంటివాళ్లకు కనిపించేది వెచ్చని ఒళ్లు, మానిటర్ మీద కొట్టుకుంటున్న గుండె. ఆ టెన్షన్‌లో డాక్టరు మాట నమ్మమంటే ఎలా?

కోరుకున్నవాళ్లను ఆ పరీక్ష దగ్గరుండి చూడనివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. ఫలితం వాళ్లకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అవయవదానం మాట ఆ తర్వాతే ఎత్తాలి.

ఇట్లు,
ఒక పౌరుడు