రోబో ప్రదర్శనల్లో కనిపించని పాఠం

సంపాదకుల వారికి నమస్కారాలు.

పాఠశాలల్లో రోబోటిక్స్ ల్యాబ్‌లు మొదలైన వార్తలు, తాము తయారుచేసిన రోబోల పక్కన నిలబడ్డ పిల్లల ఫొటోలు పత్రికల్లో తరచుగా చూస్తున్నాం. వీటివల్ల విద్యార్థుల్లో కంప్యూటేషనల్ థింకింగ్ పెరుగుతుందన్న వాక్యం ఆ వార్తల్లో దాదాపు ప్రతిసారీ ఉంటుంది గానీ, అది ఎలా పెరుగుతుందో, ఏం చేస్తే పెరగకుండా పోతుందో మాత్రం ఉండదు. గణితంతో పాటు కొన్నేళ్లుగా రోబోటిక్స్ తరగతులు కూడా తీసుకుంటున్న ఉపాధ్యాయుడిగా ఆ ఒక్క విషయం మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కంప్యూటేషనల్ థింకింగ్ అనే మాటను గణితవేత్త, విద్యా పరిశోధకుడు సేమూర్ పాపర్ట్ 1980లోనే వాడినా, 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త జానెట్ వింగ్ రాసిన ఒక చిన్న వ్యాసం తర్వాతే అది విద్యారంగమంతటా పాకింది. పెద్ద సమస్యను చిన్న ముక్కలు చేసుకోవడం, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని గుర్తించడం, అనవసరమైన వివరాలను పక్కన పెట్టడం, మిగిలినదాన్ని ఒక వరుసలో చెప్పడం, చెప్పినది పని చేయకపోతే తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం దీని సారం. మొదటి నాలుగింటినీ పాఠ్యపుస్తకాలు శ్రద్ధగానే వివరిస్తాయి. అయిదోదానికి రెండు వాక్యాలు కేటాయించి వదిలేస్తాయి. నా అనుభవంలో రోబో నిజంగా నేర్పగలిగేది ఆ అయిదోదాన్నే.

1967లో పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్‌జైగ్ తదితరులు పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. కొద్దికాలానికే దానికి నేల మీద పాకుతూ గీతలు గీసే ‘తాబేలు’ రోబో తోడైంది. ముందుకు వంద అడుగులు, కుడివైపు 90 డిగ్రీలు, దీన్నే నాలుగుసార్లు చేయమంటే చతురస్రం వస్తుంది. ఇది పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఇప్పుడు సమబాహు త్రిభుజం గీయించమని అడిగి చూడండి. త్రిభుజంలో ప్రతి కోణమూ 60 డిగ్రీలని బట్టీ పట్టిన పిల్లలు సహజంగానే 60 అని రాస్తారు, తాబేలు మూడు గీతలు గీసి మూత పడని సగం షడ్భుజి దగ్గర ఆగిపోతుంది. అప్పుడు వాళ్లను తాబేలు స్థానంలో నిలబెట్టి ఆ దారిలో నడవమంటాను. మలుపు దగ్గర తాము తిరిగేది లోపలి కోణం కాదనీ, బాహ్య కోణమైన 120 డిగ్రీలు తిరగాలనీ వాళ్ల కాళ్లకే ముందు తెలుస్తుంది. ఎన్ని భుజాలున్నా మొత్తం తిరుగుడు 360 డిగ్రీలేనన్న సూత్రాన్ని నేను నల్లబల్ల మీద ఎన్నోసార్లు నిరూపించాను, కానీ దాన్ని పిల్లలు తమ సొంత మాటల్లో చెప్పగా విన్నది ఈ తప్పు తర్వాతే.

తెర మీద కూడా ఇది చేయవచ్చు కదా అని అడిగేవారున్నారు. చేయవచ్చు. తెర మీది బొమ్మ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటిస్తుంది, నేల మీది రోబో అలా పాటించదు. మోటార్లను మూడు సెకన్లు తిప్పమని రాసిన ప్రోగ్రామ్ ఉదయం ఒక మీటరు నడిపిస్తుంది, బ్యాటరీ దిగిన తర్వాత అదే ప్రోగ్రామ్ అంత దూరం నడిపించదు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, ఫలితం మారింది. కాలాన్ని నమ్ముకోవాలా, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకోవాలా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, దాని ప్రతిధ్వనిని బట్టి ఎదుట గోడ ఎంత దూరంలో ఉందో కనిపెట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ సంగతీ ఇంతే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలంతో గుణిస్తే దూరం వస్తుందని పిల్లలు లెక్క వేస్తారు, శబ్దం వెళ్లి రావాలని మరచి రెండుతో భాగించడం వదిలేస్తారు. మీటరు దూరంలోని గోడ రోబో లెక్కలో రెండు మీటర్ల దూరానికి జరుగుతుంది, ఆగాల్సిన చోట ఆగక అది వెళ్లి గోడను ఢీకొంటుంది. పరీక్ష పత్రంలో అయితే ఈ తప్పుకు ఒక మార్కు తగ్గి ఊరుకునేది.

నేల మీద అతికించిన నల్ల గీత వెంట నడిచే రోబోను దాదాపు ప్రతి పాఠశాలలోనూ చేయిస్తారు. తెల్లని నేల పరారుణ కిరణాలను వెనక్కి పంపుతుంది, నల్ల గీత చాలావరకు పీల్చుకుంటుంది, ఆ తేడానుబట్టి రోబో దారి పోల్చుకుంటుంది. ఒకసారి మా తరగతిలో గది మధ్య చక్కగా నడిచిన రోబో కిటికీ దగ్గరకు రాగానే గీత వదిలి పక్కకు పోసాగింది. మోటారు పాడైందని ఒకరు, ప్రోగ్రామ్ చెరిగిపోయిందని మరొకరు అన్నారు. ఒక అమ్మాయి మాత్రం ఏదీ విప్పకుండా, సెన్సర్ ఇస్తున్న అంకెలను గది మధ్యలో ఒకసారి, కిటికీ పక్కన ఒకసారి రాసుకుని వచ్చి చూపించింది. ఎండలోనూ పరారుణ కిరణాలుంటాయి కాబట్టి నలుపుకు, తెలుపుకు మధ్య మేం పెట్టుకున్న హద్దు అక్కడ పనికిరాలేదు. సెన్సర్ చుట్టూ అట్టముక్క అడ్డం పెట్టగానే రోబో దారిలో పడింది. ఊహను వెంటనే నమ్మకుండా కొలిచి చూడటం ఆ అమ్మాయికి ఏ అధ్యాయంలోనూ చెప్పిన పాఠం కాదు.

ఇక నా ఫిర్యాదు. చాలా తరగతుల్లో ఇలాంటి సందర్భం రాకుండానే మనం జాగ్రత్త పడుతున్నాం. కిట్‌తో వచ్చిన పుస్తకంలోని బొమ్మ ప్రకారం భాగాలు బిగించడం, ఇచ్చిన ప్రోగ్రామ్‌ను యథాతథంగా ఎక్కించడం, రోబో కదలగానే చప్పట్లు కొట్టడం తరగతిగా చెలామణీ అవుతోంది. నేను ఒకప్పుడు పనిచేసిన పాఠశాలలో ప్రదర్శనకు ముందు రోజు రాత్రి, పిల్లల రోబోలన్నింటినీ పెద్దలమే కూర్చుని సరిచేశాం. అందులో నేనూ ఉన్నాను. మర్నాడు అన్నీ నడిచాయి. అవి ఎందుకు నడుస్తున్నాయో పిల్లల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు.

రోబోను తాకితే చాలు ఆలోచన దానంతట అదే పదునెక్కుతుందన్న నమ్మకం కొత్తదేమీ కాదు, దాన్ని పరీక్షించడమూ జరిగింది. లోగో నేర్చుకున్న పిల్లలు తరగతి గది పనులను ప్రణాళిక వేసుకోవడంలో, లోగో నేర్చుకోని పిల్లలకంటే మెరుగ్గా ఏమీ లేరని రాయ్ పీ, మిడియన్ కుర్లాండ్ అనే పరిశోధకులు 1984లో చూపించారు. మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ 1988లో ప్రచురించిన అధ్యయనం దీనికి రెండో వైపు చెబుతుంది. తప్పును వెతికే పద్ధతిని, అంటే ఏం జరగాలి, ఏం జరిగింది, తేడా ఏ భాగంలో పుట్టి ఉంటుంది అన్న వరుసను, విడిగా శ్రద్ధగా నేర్పినప్పుడు పిల్లలు దాన్ని కంప్యూటర్‌తో సంబంధం లేని రాతపూర్వక సూచనల్లోని తప్పులను దిద్దడానికి కూడా వాడగలిగారు. ఈ రెండూ కలిపి చదివితే లోపం పరికరంలో లేదని, మనం నేర్పకుండా వదిలేసిన భాగంలో ఉందని నాకు అర్థమైంది.

అందుకే నా తరగతిలో ఇప్పుడు రోబోను నడిపే ముందు అది ఏం చేస్తుందో ప్రతి బృందమూ రాసి పెట్టాలి. నడిచాక ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. సగం మార్కులు ఈ నోటుపుస్తకానికే, రోబో నడవకపోయినా వస్తాయి. కీబోర్డు ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉండిపోకుండా ప్రతి పావుగంటకూ మార్పిస్తాను, లేకపోతే చొరవ ఉన్నవాళ్లే నేర్చుకుని మిగిలినవాళ్లు వైర్లు అందించేవారిగా మిగిలిపోతారు. ఏ కంపెనీ కిట్ అన్నదానికి నేను పెద్ద విలువ ఇవ్వను. 1998లో వచ్చిన లెగో మైండ్‌స్టార్మ్స్ అనే రోబో కిట్ ఎన్నో పాఠశాలల్లో రోబోటిక్స్‌కు మారుపేరుగా నిలిచింది, 2022 చివరితో ఆ శ్రేణిని ఆపేశారు. కిట్‌ను పట్టుకుని రాసుకున్న పాఠాలు కిట్‌తోనే పోతాయి.

కిట్లు లేని చోట ఒక విద్యార్థిని రోబోగా నిలబెట్టి, మిగిలినవారితో కాగితం మీద ఆజ్ఞలు రాయించే ఆటలున్నాయి. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, ఆయన సహచరులు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రం నేర్పే ఇలాంటి కృత్యాలను చాలా ఏళ్ల క్రితమే తయారుచేశారు. అవి ఆరంభానికి ఎంతో మంచివి. అయితే రోబోగా నిలబడ్డ పిల్లవాడు స్నేహితులు రాయడం మరచినదాన్ని కూడా మనసులో పూరించుకుని సరైన చోటికే వెళ్లిపోతాడు. యంత్రానికి ఆ దయ లేదు, దానితో పని చేయించవలసిన అవసరం అక్కడే ఉంది.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి రోబోల ప్రదర్శనకు వెళ్లినప్పుడు, ఇది ఏం చేస్తుందని అడిగిన తర్వాత, మొదటిసారి ఇది ఎందుకు నడవలేదని కూడా పిల్లలను అడగండి. వాళ్లు చెప్పిన జవాబును ఫొటో కింద అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు