వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో ఉందో ఈరోజే చూసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో శుభలేఖల కొట్టు. నాన్నగారు గూడూరు నుంచి వచ్చి పెట్టారు, ఇప్పుడు నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. సూళ్లూరుపేట, నాయుడుపేట వాళ్లు ఇప్పటికీ పెళ్లి కుదరగానే రైలెక్కి మా దగ్గరికే వస్తారు. ప్రతి కార్డు వెనకా కింద చిన్న అక్షరాల్లో మా కొట్టు పేరు, ఫోన్ నంబరు, వెబ్‌సైట్ అడ్రసు వేస్తాం. ఆ అడ్రసు మా చేయి జారిపోయింది. ఇప్పుడు దాన్ని టైప్ చేస్తే ఆన్‌లైన్ జూదం సైటు తెరుచుకుంటోంది. ముందు వినాయకుడి బొమ్మ, వెనక జూదం అడ్రసు, అలాంటి కార్డులు వేల ఇళ్లలో ఉన్నాయి. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఎలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే ఇలాగే చాలామందికి జరుగుతుంది. సైటు చేసిపెట్టిన కుర్రాడు మంచివాడే. "వెబ్‌సైట్ పేరు కూడా నేనే కొనేస్తానన్నా, మీకెందుకు టెన్షన్" అంటే సరేనన్నాం. తన ఖాతాలో, తన మెయిల్‌తో కొన్నాడు. ఇలాంటి పేరు శాశ్వతం కాదు, గడువు ముగిసేలోపు మళ్లీ డబ్బు కట్టాలి. తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఆ పాత మెయిల్ చూడటం మానేశాడు. డాట్ కామ్ లాంటి పేర్లు అమ్మే కంపెనీలు గడువు ముగిసేలోపు కనీసం రెండుసార్లు, ముగిశాక అయిదు రోజుల్లోపు మరోసారి గుర్తుచేయాలని ఐకాన్ నిబంధన (ప్రపంచమంతా ఈ పేర్ల వ్యవస్థను నడిపించే సంస్థ అది, 1998లో అమెరికాలో పెట్టారు). కంపెనీ వాళ్లు గుర్తుచేసే ఉంటారు, కానీ ఆ ఉత్తరాలు ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. మాఘమాసం ముహూర్తాల హడావుడిలో సైటు రాకపోతే నెట్ బాగాలేదేమో అనుకున్నాం. గడువు దాటాక కంపెనీని బట్టి కొన్నాళ్లు మామూలు ధరకే, ఆ తర్వాత 30 రోజులు జరిమానా కట్టి పేరు వెనక్కి తీసుకోవచ్చట, ఆపైన ఇంకో అయిదు రోజులకు అది రద్దయి ఎవరికైనా దొరుకుతుందట. కుర్రాడి కొత్త నంబరు దొరికేసరికి ఆ రోజులన్నీ అయిపోయాయి.

అందుకే పేరు ఎక్కడ రిజిస్టర్ చేయాలి అని నన్ను ఎవరడిగినా మొదట చెప్పేది కంపెనీ పేరు కాదు. ఏ కంపెనీ అయినా సరే, ఖాతా మీది కావాలి, మెయిల్ మీది కావాలి, ఫోన్ నంబరు మీది కావాలి. ఆ మెయిల్ కూడా మీ సైటు పేరుతో ఉన్నది పెట్టకండి, పేరు ఆగిన రోజు ఆ మెయిల్ కూడా ఆగుతుంది, ఇక గుర్తుచేసే ఉత్తరం మీకు ఎలా అందుతుంది?

ఇక ధర సంగతి. "99 రూపాయలకే డాట్ కామ్" అని ప్రకటనలు చూస్తుంటాం. డాట్ కామ్ పేర్లన్నిటినీ నడిపే వెరీసైన్ సంస్థ, అమ్మే కంపెనీల దగ్గర ఏడాదికి తీసుకునే టోకు ధరను 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు పెంచింది. మన డబ్బుల్లో సుమారు తొమ్మిది వందలు. దాన్ని 99కి ఇస్తున్నారంటే మొదటి ఏడాది నష్టం వాళ్లు భరించి రెండో ఏడాది నుంచి మన దగ్గర రాబట్టుకుంటారనే కదా. కాబట్టి చూడాల్సింది రెన్యూవల్ ధర, అంటే గడువు పొడిగించుకోవడానికి మళ్లీ కట్టే ధర, జీఎస్టీతో కలిపి. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్లు లాభం వేసుకోకుండా అసలు ధరకే ఇస్తారు, కానీ డీఎన్ఎస్ (పేరు టైప్ చేస్తే ఏ సైటుకు వెళ్లాలో చెప్పే ఏర్పాటు) వాళ్ల దగ్గరే ఉంచాలి, అది అందరికీ కుదరదు. హోస్టింగ్ (సైటును ఉంచే చోటు) తీసుకుంటే పేరు ఉచితం అనే ఆఫర్లు కూడా నాకు నచ్చవు, రేపు హోస్టింగ్ బాగోక మారాలనుకుంటే పేరు కూడా లాక్కొని రావాల్సి వస్తుంది. లాక్కొని రావడం కష్టమేమీ కాదు, ఆథ్ కోడ్ (పేరు మార్పిడికి కావాల్సిన రహస్య సంకేతం) అడిగి తీసుకుని కొత్త కంపెనీకి ఇస్తే చాలు, డాట్ కామ్‌కు అయితే గడువు మరో ఏడాది పెరుగుతుంది కూడా. కొన్న కొత్తలో 60 రోజులు మాత్రం మార్చనివ్వరు. ఆ కోడ్ ఖాతాలోనే కనిపిస్తుందా, లేక కస్టమర్ కేర్‌ను బతిమాలాలా, ఇది కొనకముందే తెలుసుకోండి.

ఆటో రెన్యూవల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు మారాక, విదేశీ కంపెనీలు మన కార్డుల మీద ప్రతి ఏడాదీ వాటంతట అవి డబ్బు తీసుకోవడం చాలాసార్లు ఫెయిల్ అవుతోంది. రూపాయల్లో, యూపీఐతో కట్టించుకునే చోటు మాలాంటి వాళ్లకు మేలు. కుదిరితే ఒకేసారి అయిదేళ్లకు కట్టేయండి, పదేళ్ల వరకు కట్టొచ్చు.

కొత్త పేరు మేం డాట్ ఇన్‌లో తీసుకున్నాం. దాన్ని చూసేది మన దేశపు నిక్సీ అనే సంస్థ, 2005 నుంచి అందరికీ తేలిగ్గా ఇస్తున్నారు. తెలుగు అక్షరాల్లోనే ".భారత్" కూడా ఉంది. శుభలేఖల కొట్టుకు అంతకంటే అందమైన అడ్రసు ఏముంటుంది, కానీ మా కస్టమర్లలో ఎక్కువమంది ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొడతారు, అందుకని మనసు చంపుకున్నాను.

బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపు తమ వెబ్‌సైట్ పేర్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"కు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక సంస్థకు మాత్రమే అప్పగించింది. పేరు ఎక్కడ తీసుకుంటున్నామన్నది అంత ముఖ్యమని దీన్నిబట్టే తెలుస్తోంది. మరి ఆండర్సన్ వీధి వ్యాపారికి, పెరంబూరులో ఇంటి నుంచి పొడులు అమ్ముకునే ఆడపడుచుకు ఈ మాట చెప్పేదెవరు? మీ పత్రిక చెప్పాలని నా కోరిక. "99 రూపాయలకే" లాంటి ప్రకటన వేసేటప్పుడు రెండో ఏడాది ధర కూడా అదే సైజు అక్షరాల్లో ఉండాలని ప్రకటన ఇచ్చేవాళ్లను అడగండి. సైట్లు చేసే కుర్రాళ్లకు కూడా ఒక మాట, బాబూ, పేరు కొనే ముందు కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల మెయిల్‌తోనే ఖాతా తెరవండి, పది నిమిషాల పని.

ఈ ఉత్తరం చదివేవాళ్ల ఇంట్లో మా పాత శుభలేఖ ఉంటే, దయచేసి వెనకున్న వెబ్ అడ్రసు మీద పెన్నుతో ఒక గీత కొట్టండి. పిల్లలు టైప్ చేసి చూస్తారేమోనని భయం. ఫోన్ నంబరు మాత్రం నాన్నగారి నాటిదే, అది మారలేదు.

ఇట్లు,
ఒక శుభలేఖల వ్యాపారి,
ఆండర్సన్ వీధి, చెన్నై.