పాత గేములు నత్తనడక నడుస్తుంటే

ఎడిటర్ గారికి నమస్కారం,

చేతిలో పట్టే గేమింగ్ డివైజ్‌లో పాత కన్సోల్ గేములు ఎమ్యులేటర్‌లో (పాత మెషిన్‌ని అనుకరించే యాప్) స్లో అవుతున్నాయని చాలామంది వెంటనే కొత్తది కొనేస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు డివైజ్‌ది కాదు సెట్టింగ్స్‌ది.

ముందు రిజల్యూషన్ చూడండి. సోనీ వాళ్ల పాత చేతి కన్సోల్ పీఎస్‌పీ అసలు స్క్రీన్ 480×272 మాత్రమే, దాన్ని 4 రెట్లు పెడితే అటు 4 ఇటు 4, అంటే 16 రెట్లు పిక్సెల్స్ గీయాలి, పాపం చిన్న చిప్ ఎక్కడ లాగుతుంది చెప్పండి. 1 రెట్టుకి దించి ఆడి చూడండి, అంత చిన్న స్క్రీన్ మీద తేడా పెద్దగా కనపడదు కూడా. షేడర్లు (బొమ్మకి వేసే ఎఫెక్ట్‌లు), రివైండ్ (ఆటని వెనక్కి తిప్పడం), రన్ అహెడ్ (బటన్ నొక్కగానే స్పందించేలా ఆటని ముందే లెక్కకట్టడం) ఆపేయండి, బ్యాటరీ సేవర్ కూడా. ఫ్రేమ్ స్కిప్ 1 పెడితే, అంటే ఒక ఫ్రేమ్ గీసి ఒకటి వదిలేస్తే, కొంత తేలికవుతుంది గానీ నాకైతే అది ఆఖరి మార్గమే, కదలిక కుదుపుగా అనిపిస్తుంది.

ఇంకోటి, సూపర్ నింటెండో అనే పాత కన్సోల్‌కి బీఎస్‌నెస్ లాంటి ఎమ్యులేటర్ అసలు మెషిన్ ఎలా పనిచేసేదో అచ్చం అలాగే చెయ్యాలని చూస్తుంది కాబట్టి బరువెక్కువ, స్నెస్9ఎక్స్ తేలిక. సెగా వాళ్ల శాటర్న్ కన్సోల్ సంగతి వేరు, అందులో మెయిన్ ప్రాసెసర్లే రెండు, రెండిటినీ జత కలిపి నడపాలి, దానికి మాత్రం పవర్ కావాల్సిందే.

సౌండ్ గరగరమంటే స్పీకర్ పోయిందనుకోకండి, గేమ్ పూర్తి స్పీడ్ అందుకోవట్లేదని కూడా అయ్యుండొచ్చు. మీ టెక్నాలజీ పేజీలో కొత్త ఫోన్లతో పాటు ఇలాంటివి కూడా వెయ్యండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకుడు