చుక్కతో దారి తప్పుతున్న ప్రాజెక్టులు

సంపాదకులకు,

బోరు మోటారునో డ్రిప్పు వాల్వులనో నడిపే మినీ ప్రాజెక్టులు అనంతపురం, కడప, కర్నూలు ఇంజినీరింగ్ విద్యార్థులు చాలామంది చేస్తుంటారు. సెన్సారు చదివేది సి ప్రోగ్రామ్, నీటి లెక్క కట్టేది దాని కడుపులో కూర్చున్న పైథాన్. ల్యాబ్‌లో బాగానే నడుస్తుంది. కరెంటు రాగానే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ దానంతటదే మొదలుపెట్టేలా అమరిస్తే 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' (మెమరీ తప్పు) అని కూలబడుతుంది. పిల్లలు మెమరీ చిరునామాలు పట్టుకునే పాయింటర్లను అనుమానిస్తూ రాత్రంతా కూర్చుంటారు. దోషం చాలాసార్లు ఒక చుక్కలో ఉంటుంది.

పైథాన్ ఫైలును టెర్మినల్లో నడిపితే ఆ ఫైలున్న ఫోల్డరు సిస్.పాత్‌లో, అంటే మాడ్యూళ్ల (ఇంపోర్ట్ చేసుకునే కోడ్ ఫైళ్ల) కోసం పైథాన్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, తానే చేరుతుంది. సి నుంచి పైథాన్‌ను మొదలుపెట్టే పై_ఇనిషియలైజ్ పిలిస్తే చేరదు. అందుకే పాత ల్యాబ్ రికార్డుల్లో ఆ జాబితాను నిర్ణయించే పైసిస్_సెట్‌పాత్ ఫంక్షన్‌కు "." ఇచ్చే కోడ్ వరుస ఒకటి ఏటేటా కాపీ అవుతోంది. ఆ చుక్కకు అర్థం ప్రోగ్రామ్‌ను ఏ ఫోల్డరులో నిలబడి మొదలుపెట్టామో అది. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను దానంతటదే మొదలుపెట్టే సిస్టమ్‌డి సర్వీసుకు వర్కింగ్ డైరెక్టరీ (ఆ నిలబడే ఫోల్డరు) చెప్పకపోతే అది '/', అంటే అన్నిటికంటే పై ఫోల్డరు, అవుతుంది. అక్కడ మన మాడ్యూల్ ఉండదు గనుక మాడ్యూల్‌ను తెచ్చే పైఇంపోర్ట్_ఇంపోర్ట్‌మాడ్యూల్ నల్ (ఖాళీ పాయింటరు) ఇస్తుంది. ఆ నల్‌నే పట్టుకుని లోపలి ఫంక్షన్ అడిగితే కూలక ఏం చేస్తుంది?

ఆ వరుసతో ఇంకో చిక్కు. అది ఉన్న దారులకు కొత్తది కలపదు, పాతవన్నీ తుడిచేస్తుంది. మన మాడ్యూల్ దొరికినా అందులోని 'ఇంపోర్ట్ సీఎస్‌వీ' అడిగే ప్రామాణిక మాడ్యూల్ దొరకదు. 'ఓఎస్' అనే మరో ప్రామాణిక మాడ్యూల్ మాత్రం ముందే లోడై ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. తికమక అక్కడే. పైగా పైథాన్ 3.11లో వద్దని చెప్పిన ఆ ఫంక్షన్‌ను 3.13లో తీసేశారు.

పద్ధతిగా చేయాలంటే, ఇనిషియలైజ్ అయ్యాక పైసిస్_గెట్‌ఆబ్జెక్ట్‌తో "పాత్" జాబితాను తీసుకుని, పైలిస్ట్_ఇన్సర్ట్‌తో పూర్తి దారిని చేర్చాలి. జాబితా అరువు రిఫరెన్స్, అంటే మన సొంతం కాదు, దాన్ని డిక్‌రెఫ్ చేయకూడదు (వదిలేయకూడదు). మనం తయారుచేసిన స్ట్రింగ్‌ను చేయాలి. లినక్స్‌లో ప్రోగ్రామ్ ఉన్న చోటు '/ప్రాక్/సెల్ఫ్/ఎగ్జ్'ను రీడ్‌లింక్‌తో చదివితే తెలుస్తుంది. స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నాను రీడ్‌లింక్ చివర పెట్టదు, మనమే పెట్టుకోవాలి. మాడ్యూల్ పేరుకు '.పీవై' తోక తగిలించకూడదు. నల్ వస్తే పైథాన్ పొరపాటును చూపే పైఎర్_ప్రింట్ పిలవాలి. అసలు కారణం ఆ ఒక్క వరుసే చెబుతుంది.

మన ఫోల్డరును 0వ స్థానంలో చేర్చితే అందులో 'ర్యాండమ్.పీవై' లాంటి పేరున్న ఫైలు ఉండకూడదు, ప్రామాణిక మాడ్యూల్‌ను అది మింగేస్తుంది. కంపైల్ చేసేటప్పుడు పైథాన్ 3.8 నుంచి, కంపైలరుకు ఇవ్వాల్సిన ఆప్షన్లు చెప్పే పైథాన్3-కాన్ఫిగ్‌కు '--ఎంబెడ్' కూడా ఇవ్వాలి, లేదంటే కోడ్ ముక్కల్ని కలిపే లింకరు 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (ఫంక్షన్ దొరకలేదు) అంటుంది.

కళాశాలలు ల్యాబ్ రికార్డులను ఈసారి అచ్చుకు పంపేముందు ఆ చుక్క వరుసను కొట్టేయాలని కోరుతున్నాను.

— ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, అనంతపురం