మా బావకి అక్టోబరు రాసిపెట్టి ఉందట

ఇర్వింగ్, టెక్సస్
అక్టోబరు 2, 2023
సోమవారం రాత్రి

ఒరేయ్ మావా,

ముందు తిట్టడం ఆపు. నీ ఉత్తరం ఫ్రిజ్ మీదే ఉంది, పాలకోసం వెళ్లినప్పుడల్లా నన్ను కొరకొరా చూస్తూనే ఉంది. వాట్సాప్‌లో ఏదో ఒక బొమ్మ పడేసి ఊరుకోవచ్చు, కానీ ఒప్పందం ఒప్పందమే గదా, శాస్త్రిగారి గొడుగు సాక్షిగా! ఇంటి కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తా: అందరం బాగున్నాం, అమ్మ మోకాలు నయం, మా ఆవిడ వీసా పొడిగింపు వచ్చింది, చిన్నోడికి పన్ను ఊడింది. అంతే. నిన్న మా ఇంట్లో బేస్‌బాల్ మీద జరిగిన గొడవ నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

నవ్వకు. నీకు ఈ ఆట అంటే "కర్ర పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ల సంత" అని నాకు తెలుసు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. 2021లో మా టెక్సస్ రేంజర్స్ 162 ఆటల్లో 102 ఓడిపోయారు. టికెట్లు ఆఫీసులో ఊరికే పంచిపెట్టేవాళ్లు. ఎండాకాలం, ఆర్లింగ్టన్ స్టేడియానికి పైకప్పు, చల్లగా ఏసీ. చిన్నోణ్ని తీసుకెళ్లి కూర్చోబెట్టేవాణ్ని. ఓడిపోయేవాళ్లని అన్నాళ్లు చూశాక ప్రేమ పుట్టకుండా ఉంటుందా? సన్‌రైజర్స్‌కి ప్రతి ఏడూ దండం పెట్టే నీకు వేరే చెప్పాలా.

ఈ ఏడు కథ మారింది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మా డివిజన్లో, అంటే మా జట్ల గుంపులో, దాదాపు మేమే పైన. శాన్ ఫ్రాన్సిస్కోకి మూడు కప్పులు తెచ్చి రిటైరై ఇంట్లో కూర్చున్న బ్రూస్ బోచీ అనే పెద్దమనిషిని మేనేజరుగా పట్టుకొచ్చారు. ఆ మూడు కప్పుల్లో మొదటిది, 2010లో, మమ్మల్ని ఓడించి గెలిచిందే! డబ్బు కూడా నీళ్లలా పోశారు. షార్ట్‌స్టాప్ సీగర్‌కి పదేళ్లకి 325 మిలియన్ డాలర్లు. అది దండగ కాదులే, బంగారం లాంటి కుర్రాడు. కానీ డిగ్రామ్ అని ఒక పిచర్‌కి, అదే బంతి విసిరేవాడికి, ఐదేళ్లకి 185 మిలియన్లు రాసిచ్చారు. ఆయన ఆరు ఆటలు వేసి మోచేతికి ఆపరేషన్ చేయించుకుని వెళ్లి కూర్చున్నాడు. ఆ లెక్క తలుచుకుంటే నాకు మన హాస్టల్ మెస్ బిల్లు గుర్తొస్తుంది, ఎందుకో నీకు తెలుసు.

ఇక మా బావ. అక్కావాళ్లు ఉండేది హ్యూస్టన్ పక్కన షుగర్ లాండ్‌లో. అంటే ఆయన ఆస్ట్రోస్ మనిషి. ఆస్ట్రోస్‌ది కూడా మా డివిజనే. నిరుడు కప్పు వాళ్లదే, 2017 నుంచి ఏటా లీగ్ సెమీఫైనల్ లాంటిదానికి తప్పకుండా వెళ్తూనే ఉన్నారు. బావ దగ్గర ఒక మాట ఉంది, ఎప్పుడు ఫోన్ చేసినా అదే. "మాకు అక్టోబరు రాసిపెట్టి ఉందిరా. మీ ఇంటి క్యాలెండర్లో సెప్టెంబరు తర్వాత ఏముంటుంది, నవంబరేనా?" పెళ్లప్పుడు కట్నం అడగని మనిషి కదా అని ఇన్నాళ్లు ఊరుకున్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో ఆస్ట్రోస్ మా స్టేడియానికే వచ్చి మూడాటల్లో 39 పరుగులు కొట్టారు. మావి 10. రెండో రోజు నేనూ చిన్నోడూ అక్కడే ఉన్నాం. ఆల్తూవే అని వాళ్ల పొట్టి బ్యాటరు, మొదటి మూడు ఇన్నింగ్స్‌లో మూడు హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి. చిన్నోడు నాచోస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, చీజ్‌లో ముంచిన ముక్క నోటిదాకా తీసుకెళ్లి, మూడోసారి బంతి గాల్లోకి లేవగానే ఆ ముక్కని మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. "నాన్నా, ఆయన మన లంబూ మామ నడుందాకా వస్తాడేమో గదా" అన్నాడు. అంతే అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు.

అన్నట్టు లంబూ! వాడు సియాటిల్లో ఉన్నాడని చెప్పా గదా. వాడు మరైనర్స్ పిచ్చోడయ్యాడు. ఆగస్టులో వాళ్లు 27 ఆడి 21 గెలిచారు. "డివిజన్ మాదే, మీరిద్దరూ వైల్డ్ కార్డులకి కొట్టుకోండి" అని రోజూ అర్ధరాత్రి వాయిస్ మెసేజ్. కాబట్టి చివరి నెలలో మా గ్రూపులో ముగ్గురం, మూడు జట్లు, ఒకటే డివిజన్. నేను తాడేపల్లిగూడెం ఫైనల్ తర్వాత ఇంత కసి చూళ్లేదు.

లెక్క నీకు అర్థమయ్యేట్టు చెప్తా, ఎలాగూ నెట్ రన్ రేట్ కాగితాల మీద రాసుకునే మనిషివి. రెండు లీగులు, ఒక్కోదాంట్లో మూడు డివిజన్లు. డివిజన్ గెలిచినవాళ్లు ముగ్గురు, మిగిలినవాళ్లలో మెరుగైన ముగ్గురికి వైల్డ్ కార్డు. పై ఇద్దరు డివిజన్ విజేతలు మొదటి రౌండు ఆడక్కర్లేదు, హాయిగా ఇంట్లో కాళ్లు చాపుకోవచ్చు. మిగతావాళ్లు మూడాటల పోరు ఆడాలి, అదీ పైస్థానంలో ఉన్నవాళ్ల ఊళ్లోనే మొత్తం. ఆరు నెలలు ఆడింది మూడ్రోజుల్లో ఊడ్చుకుపోవచ్చు.

చవితి వెళ్లిన వారాంతం మేం మరైనర్స్‌ని మూడాటలూ ఓడించాం. అదే వారాంతం బావ జట్టు సొంత ఊళ్లో కాన్సస్ సిటీ చేతిలో మూడూ ఓడింది. కాన్సస్ సిటీ అంటే ఈ ఏడు 106 ఓడిన జట్టురా! ఆ ఆదివారం నేను బావకి ఫోన్ చేయలేదు. పదిసార్లు చేసేదానికంటే అదే బాగా తగులుతుందని.

తర్వాత మా వాళ్లు చివరి నాలుగాటలకి సియాటిల్ వెళ్లారు. గురువారం మేం గెలిచేశామనుకునే వేళకి వాళ్ల క్రాఫర్డ్ అనేవాడు చివరి ఇన్నింగ్స్‌లో డబుల్ (రెండో బేసుదాకా చేర్చే దెబ్బ) కొట్టి 3-2తో గెలిపించాడు. శుక్రవారం అదే క్రాఫర్డ్, మూడు బేసులూ నిండి ఉండగా హోమ్ రన్, 8-0. శనివారం మేం 6-1 గెలిచాం, ప్లేఆఫ్ బెర్తు ఖాయం, లంబూ జట్టు ఇంటికి. వాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాపం, జులై ఆఖర్న వాళ్ల క్లోజర్ (ఆట చివర్లో ఆధిక్యం కాపాడే పిచర్) సీవాల్డ్‌ని అరిజోనాకి అమ్మేశారు. ఇప్పుడు అరిజోనా ప్లేఆఫ్స్‌లో ఉంది, వీళ్లు లేరు. ఇక ఆదివారం మాకు కావాల్సింది చాలా చిన్నది. మేం గెలిచినా చాలు, ఆస్ట్రోస్ ఓడినా చాలు, డివిజన్ మాదే.

సరిగ్గా ఆ వారాంతమే అక్కా బావా మా ఇంటికి దిగారు.

హాల్లో టీవీలో మా ఆట, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్‌లో బావ ఆట, ఆ పక్క ఐప్యాడ్‌లో లంబూ మొహం (అదే, రెండో వికెట్ పడ్డాక పెట్టిన మొహం!). మధ్యాహ్నం రెండు దాటాక రెండాటలూ ఒకేసారి మొదలు. పక్కింటి పెద్దాయన కూడా వచ్చాడు. అమెరికా ఆయనే, డెబ్భై దాటి ఉంటాయి, రేంజర్స్ ఎండలో ఆడిన పాత స్టేడియం రోజుల నుంచీ చూస్తున్నాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక స్కోరు పుస్తకం, చెవి వెనక పెన్సిలు. ఎవరైనా స్ట్రైకవుట్ అయితే (మూడు స్ట్రైకులు, అంటే మూడు మంచి బంతులు కొట్టలేక ఔటైతే) కే అని రాస్తాడు, కర్ర ఊపకుండా నిలబడి అయితే ఆ కే ని తిరగేసి రాస్తాడు. చిన్నోడు ఆయన మోచేతికి అతుక్కుని తిరగేసిన కేలు లెక్కపెడుతుంటాడు. బజ్జీల నూనె పేజీకి అంటకుండా ఆయన ఎడంచేత్తో తినడం చూసి అక్క ఏదో అనబోయి మింగేసింది.

బావ మొదలెట్టాడు. "మీ బుల్‌పెన్‌కి ఆట అప్పగించడం అంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే." బుల్‌పెన్ అంటే మొదటి పిచర్ తర్వాత దిగే పిచర్ల గుంపులే. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈ ఏడు ఆధిక్యం నిలబెట్టమని వాళ్ల చేతికిస్తే నిలబెట్టింది 30 సార్లు, జారవిడిచింది 33 సార్లు. జవాబు లేనప్పుడు ఏం చేస్తాం, పాత పద్దు తీస్తాం. చిన్నోడికి సైగ చేశా. వాడు బియ్యం డబ్బా మూత తీసుకుని గరిటెతో ఠంగు ఠంగున కొట్టాడు. 2017లో ఆస్ట్రోస్ కెమెరాతో అవతలి వాళ్ల సైగలు దొంగిలించి, చెత్తడబ్బా బాది తమ బ్యాటర్లకి చేరవేశారు. రెండేళ్లకి అది బయటపడి 5 మిలియన్ల జరిమానా, మేనేజరు మీద ఏడాది నిషేధం. ఆ రోజు బావ నోరు తెరిచినప్పుడల్లా ఠంగు! ఐప్యాడ్‌లో లంబూ ఈలలు. అక్క వంటింట్లోంచి, "ఆ మూతకి సొట్టపడిందంటే ఇద్దరికీ అన్నం లేదు" అని.

అప్పుడు బావకి ఎక్కడో కాలింది. "మీరెన్ని కొట్టినా 2011 మాత్రం ఎవడూ మరిచిపోడు" అన్నాడు, ఇంగ్లీషులో.

పెద్దాయన పెన్సిలు ఆగింది. 2011 ఫైనల్స్ ఆరో ఆట రా. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్‌కి కప్పుకి ఒక్క స్ట్రైకు దూరం. పోయింది. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఆధిక్యం, మళ్లీ ఒక్క స్ట్రైకు దూరం. మళ్లీ పోయింది. పదకొండులో సెయింట్ లూయిస్ గెలిచింది, ఏడో ఆటా వాళ్లే గెలిచారు. 1961లో పుట్టిన జట్టు, ఇప్పటిదాకా ఒక్క కప్పు లేదు. పెద్దాయన బావ వంక చూసి, ఆ రాత్రి స్కోరు పుస్తకం ఇంకా దాచుకున్నాననీ, పదో ఇన్నింగ్స్ గడులు మాత్రం పూర్తిగా నింపలేదనీ చెప్పి, మళ్లీ టీవీ వైపు తిరిగాడు. కోపంగా ఏం చెప్పలేదు. బావ మొహం చూడాలి నువ్వు. లేచెళ్లి తనే వేడి బజ్జీలు నాలుగు తెచ్చి ఆయన ప్లేట్లో వేశాడు. తర్వాత చాలాసేపు ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, చిన్నోడు కూడా మూత పక్కన పెట్టేశాడు.

ఇక ఆట... ఏం చెప్పను. పెద్దాయన పుస్తకంలో మా వరసన సున్నా, సున్నా, సున్నా. సియాటిల్‌కి ఒక్క పరుగు. 881 పరుగులు చేసి అమెరికన్ లీగ్ మొత్తంలో పైన కూర్చున్న జట్టు, కావాల్సిన రోజున ఒక్కటి చేయలేకపోయింది. 1-0. ల్యాప్‌టాప్‌లో ఆస్ట్రోస్ అరిజోనా మీద 8-1. అరిజోనా వాళ్లకి ముందురోజే బెర్తు ఖాయమైంది, గెలిచినా ఓడినా ఒకటే. సియాటిల్‌కి అయితే ఆ ఆటతో పనే లేదు! లంబూగాడు "మేం మునిగాం, మిమ్మల్నీ ముంచాం" అని ఐప్యాడ్ కిందపడేలా డాన్సు. గోళీసోడా వాడికి ఇక జన్మలో లేదు, రాసిపెట్టుకో.

ఇద్దరివీ 90 గెలుపులు, 72 ఓటములు. సమానం. అక్కడ మొదలైందిరా అసలు రగడ. పెద్దాయన అంటాడు, ఇదివరకైతే ఇలాంటప్పుడు 163వ ఆట పెట్టి తేల్చేవాళ్లు, నిరుటి నుంచి అది తీసేశారు, పాపం చేశారు అని. ఇప్పుడు ఎదురెదురు ఆటల్లో ఎవరు ఎక్కువ గెలిస్తే వాళ్లదే. ఆస్ట్రోస్ 9, మేం 4. నేను పరుగుల తేడా చూడాలన్నా. బావ "పరుగుల తేడాయే కావాలంటే 39, 10 చూసుకో" అన్నాడు. షాంపేన్ మీద ఇంకో పావుగంట. శనివారం బెర్తు వచ్చిందని సీసాలు కుమ్మరించుకోవడం దేనికి, ఒక్క రోజు ఆగలేరా అని నేను. ఆరు నెలలు ఆడినవాళ్లు ఒక్క రాత్రి తడిస్తే తప్పేంటని పెద్దాయన. మధ్యలో మా ఆవిడ వచ్చి, "ఇంతకీ మనవాళ్లు ఆడతారా, ఆడరా?" అంది. ఆడతారు. ఐదో స్థానంలో, సియాటిల్ నుంచి దేశం ఆ కొసకి ఎగిరి, టాంపా దగ్గర, 99 గెలిచిన జట్టుతో. దాటితే 101 గెలిచిన బాల్టిమోర్. అదీ దాటితే... బావ.

నీకొక్కడికే చెప్తున్నా, ఆ 9-4 న్యాయమేరా. మన ఇంటికొచ్చి మూడ్రోజులు అలా ఉతికినవాడికి లేని హక్కు ఇంకెవరికి? కానీ ఆస్ట్రోస్ సొంత ఊళ్లో ఈ ఏడు గెలిచింది 39, ఓడింది 42. బయట పులులు, ఇంట్లో పిల్లులు. మేమే గనక అక్కడిదాకా వెళ్తే, హ్యూస్టన్‌లో ఆడటం మాకు శాపం కాదు, వరం. ఇది పైకి అంటే బావ నవ్వుతాడు, కాబట్టి అనలేదు, పందెం మాత్రం కాశా. మేం ముందు ఇంటికొస్తే దసరాకి షుగర్ లాండ్‌లో నేను నారింజ రంగు ఆస్ట్రోస్ చొక్కా వేసుకుని అక్కావాళ్ల స్నేహితులందరి ముందూ పాయసం వడ్డించాలి. వాళ్లు ముందు పోతే బావ మా నీలం చొక్కా. అక్క సాక్షి, కానీ ఆవిడ ఎవరి పక్షమో నీకు తెలియంది కాదు.

రేపు మొదటి ఆట మధ్యాహ్నం రెండింటికట, పనిరోజు! మాంట్‌గమరీ పిచింగ్. సరిగ్గా రెండింటికే నాకు క్లయింటుతో మీటింగ్. జ్వరం తెచ్చుకోనా, వైఫై పోగొట్టుకోనా, నీకైతే మంచి ఐడియాలు వస్తాయి, సప్లిమెంటరీ రోజు నువ్వు చెప్పింది ఇంకా ఎవడూ కనిపెట్టలేదు గదా

నువ్వు ఆరో తేదీ ఉప్పల్ వెళ్తున్నావా, పాకిస్తాన్ ఆటకి? టికెట్ దొరికితే ఫోటో పంపు. వెంకటేశం గాడి స్థలం సంగతి ఏమైందో రాయలేదేం, రిజిస్ట్రేషన్ అయిందా లేక మళ్లీ ఆ

బావ ఫోను, వీడియో కాలు. తల మీద నారింజ టోపీ పెట్టుకుని చేస్తున్నాడు, ఎత్తకపోతే భయపడ్డానంటాడు. ఉంటారా, ఇది రేపు పొద్దున్నే పోస్టులో వేస్తా.

నీ
బుల్లోడు