పని ఎక్కడ రాసిపెట్టుకోవాలి?

సంపాదకులకు,

ఆర్యా,

చిన్న పరిశ్రమలు డిజిటల్ బాట పట్టాలని ఈమధ్య పత్రికల్లోనూ పారిశ్రామికవేత్తల సమావేశాల్లోనూ తరచూ అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా, పట్టకుండా మిగిలింది ఎవరని నాకు అనిపిస్తుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి, 50,000 రూపాయలకు మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం, అంటే ఈ-వే బిల్లు, కావలసివచ్చింది. 2023 ఆగస్టు నుంచి, 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలు మరో సంస్థకు వేసే బిల్లులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, అంటే ఈ-ఇన్‌వాయిస్, తప్పనిసరైంది. ప్రభుత్వానికి లెక్క చెప్పవలసిన చోటల్లా మేము ఎప్పుడో కంప్యూటర్ మీదికి వచ్చేశాం. రానిదల్లా ఫ్యాక్టరీ లోపల ఒక మనిషి మరో మనిషికి పని అప్పగించే తీరు. అక్కడ ఇప్పటికీ వాట్సాప్ గ్రూపే ఆఫీసు, అదే నోటీసు బోర్డు, అదే స్టోర్స్ రిజిస్టరు.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో యంత్ర విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో స్టోర్స్, ప్లానింగ్ పనులు చూస్తున్నాను. పెద్ద కంపెనీలు పంపే డ్రాయింగుల ప్రకారం షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజ్‌లు చేసి ఇవ్వడం మా పని. రెండేళ్ల కిందట ఒక కొనుగోలుదారు బుష్ బోరు (లోపలి రంధ్రం) కొలతను 32 మిల్లీమీటర్ల నుంచి 31.5కు తగ్గించి, మార్చిన డ్రాయింగును సాయంత్రం పూట మా యజమానికి పంపారు. ఆయన దాన్ని అలాగే ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టారు. చూసినట్టుగా ముగ్గురు బొటనవేలి గుర్తు వేశారు. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు, దానికి ఇరవై శుభాకాంక్షలు, ఒక లారీ నంబరు, కరెంటు బిల్లు కట్టిన రసీదు వచ్చి దాని మీద పడ్డాయి. రాత్రి షిఫ్టులో సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రం మీద ఉన్న ఆపరేటర్ తన ఫోనులో అంతకుముందే దాచుకున్న పాత డ్రాయింగు తెరిచి పని మొదలుపెట్టాడు. తెల్లారేసరికి 140 బుష్‌లు తయారయ్యాయి, అన్నీ స్క్రాపే. బోరు తక్కువ కోసి ఉంటే మళ్లీ యంత్రం మీద పెట్టి సరిచేసుకోవచ్చు గానీ, ఎక్కువ కోసిన లోహాన్ని తెచ్చి అతికించలేం కదా. మర్నాడు కూర్చుని మాట్లాడుకుంటే అందులో ఎవరి మాటా అబద్ధం కాదు. పంపానని యజమాని అన్నారు, చూశానని సూపర్‌వైజర్ అన్నాడు, నాకెవరూ చెప్పలేదని ఆపరేటర్ అన్నాడు.

ఆ దెబ్బతో సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ కొందామనుకుని కొటేషన్లు కూడా తెప్పించాం. అయితే ఏ సంగతి ఎక్కడ ఉండాలో మాకే స్పష్టత లేనప్పుడు, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చినా డబ్బు పోసి అదే గందరగోళాన్ని కొనుక్కున్నట్టు అవుతుందని తోచి, ముందు చేతిలో ఉన్నవాటితోనే సర్దుకున్నాం. డ్రాయింగులన్నిటికీ గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డరు పెట్టాం. అందులో ఒక్కో పార్టుకు ప్రస్తుతం చెల్లే డ్రాయింగు ఒక్కటే ఉంటుంది. కొత్తది రాగానే పాతది వేరే ఫోల్డరుకు పోతుంది, దాన్ని ఆపరేటర్లు తెరవలేరు. ఫైలు పేరులోనే పార్టు నంబరు, రివిజన్ నంబరు (డ్రాయింగు ఎన్నోసారి మారిందో చెప్పేది), తేదీ ఉంటాయి. పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద రివిజన్ నంబరును చేత్తో రాసి, యంత్రం దగ్గరి ట్యాబ్‌లో కనిపించే నంబరుతో సరిపోల్చుకున్నాకే మొదటి ముక్క కోయాలి. ప్లేటింగుకూ హీట్ ట్రీట్‌మెంటుకూ బయటికి వెళ్లే సరుకు కోసం అందరూ చూడగలిగే ఒక షీటు తయారుచేసి, చలాన్ నంబరు, ఎన్ని వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, మిగతావాటి సంగతి ఎవరు చూడాలి అన్నవి అందులో రాస్తున్నాం. ఇలా బయటివారి చేత పని చేయించడానికి (జాబ్ వర్కుకు) పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే జీఎస్టీ చట్టం దాన్ని సరఫరా చేసినట్టుగానే లెక్కగడుతుంది కాబట్టి, ఆ షీటు మా ఆడిటర్‌కు మాకంటే ఎక్కువ నచ్చింది. గ్రూపు ఇప్పటికీ ఉంది. కరెంటు పోయిందనో లారీ గేటు దగ్గరికి వచ్చిందనో చెప్పడానికి దాన్ని మించింది లేదు. గ్రూపులో చెప్పిన పని మాత్రం షీటులోకి ఎక్కేదాకా అప్పగించినట్టు కాదు. మొదటి రెండు నెలలు ఈ పద్ధతి మీద నాతో సహా అందరూ విసుక్కున్నారు. అందరికంటే ఎక్కువసార్లు నియమం తప్పింది యజమానే అని ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ తర్జనభర్జన భాష దగ్గర జరిగింది. ఇంగ్లిషులో ఉన్న యాప్‌ను మా ఆపరేటర్లు చదువుకోగలరు. తామే రాయవలసి వచ్చినప్పుడు, తప్పు రాస్తే నలుగురూ నవ్వుతారేమోనని వెనకాడతారు. ఆ సంకోచంలోంచి పుట్టుకొచ్చినవే వాయిస్ మెసేజులు. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజులో అసలు కబురు మూడో నిమిషంలో ఉంటుంది, వారం తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఫోనులో తెలుగు మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యం 2017 నుంచీ ఉన్నా, దాని గురించి మా షెడ్డులో అంతకుముందు ఎవరూ ఎవరికీ చెప్పలేదు. లేత్ పక్కన నిలబడి చెబితే అది ఏదేదో రాస్తుంది. షెడ్డు బయటికి వచ్చి చెబితే చాలావరకు సరిగానే రాస్తుంది. మాతో పనిచేసేవారిలో బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవారూ ఉన్నారు కాబట్టి షీటులో శీర్షికలు తెలుగులోనూ హిందీలోనూ పెట్టాం, ఎవరికి వచ్చిన భాషలో వారు రాస్తారు. పాత నోటీసులు, భద్రతా సూచనలు అన్నీ యూనికోడ్ కాని పాతకాలపు ‘అను’ ఫాంట్లలో ఉండటంతో కంప్యూటర్లో ఒక్క మాట వెతికినా దొరకలేదు. వాటిని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించుకోవలసి వచ్చింది.

చిన్న సంస్థల యజమానులు అంతగా పట్టించుకోని మరో విషయం ఉంది. కొనుగోలుదారులతో జరిగిన సంభాషణలు, ఒప్పుకున్న ధరలు, డ్రాయింగులు అన్నీ ఉద్యోగుల సొంత ఫోన్లలోనే ఉంటాయి. మనిషి ఉద్యోగం మానేస్తే సంస్థ జ్ఞాపకమంతా అతని జేబులో వెళ్లిపోతుంది. పాస్‌వర్డుల సంగతి ఇంకా విచిత్రం. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దును ఎప్పుడు మార్చారో దానంతట అదే నమోదయ్యే ఏర్పాటు ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. కానీ ఒకే పాస్‌వర్డును నలుగురు వాడుకునే చోట ఆ నమోదులో కనిపించేది ఒక్క పేరే. నెలకు కొన్ని వందల రూపాయలు మిగులుతాయని ఒకే లాగిన్ తీసుకుని, ఆ తర్వాత తప్పు ఎవరిదో తేల్చలేక ఒకరినొకరు అనుమానించుకునే ఆఫీసులను నేను చూశాను.

పని వేళల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పగటి షిఫ్టు ముగిసిన సూపర్‌వైజర్‌కు రాత్రి పదకొండు గంటలకు సందేశం పంపి, రెండు నీలం గీతలు పడ్డాయి గనుక జవాబు రావాలనడం సబబు కాదు. పని వేళలు దాటాక ఉద్యోగి ఫోనుకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి చట్టంలో గుర్తించాయి. మన లోక్‌సభలో ఇది ప్రైవేటు సభ్యుల బిల్లు దశ దాటలేదు. చట్టం వచ్చేదాకా ఆగకుండానే మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, షిఫ్టు దిగేవారు ఎక్కేవారి కోసం షీటులో నాలుగు వాక్యాలు రాసి వెళ్లాలి, యంత్రం ఆగిపోతేనో ఎవరికైనా దెబ్బ తగిలితేనో తప్ప ఇంటికి ఫోను చేయకూడదు. రాత్రి ఫోన్లు తగ్గడానికి ఆ నాలుగు వాక్యాలే కారణమని నా నమ్మకం.

1968 నుంచి మా బాలానగర్‌లోనే ఉన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థకు, యూసఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. స్టోర్‌కీపర్లకు, షిఫ్టు సూపర్‌వైజర్లకు, ఆపరేటర్లకు రెండు మూడు రోజుల చిన్న శిక్షణలు తెలుగులో ఏర్పాటు చేయాలి. ఫైలుకు పేరు ఎలా పెట్టాలి, షీటులో ఎవరికి ఏ మేరకు అనుమతి ఇవ్వాలి, ఉద్యోగం మానేసిన మనిషి లాగిన్ ఎలా తీసేయాలి, ఫోనుకు మాట చెప్పి తెలుగులో ఎలా రాయించుకోవాలి అన్నవి వాటిలో నేర్పాలి. పాఠం చెప్పేవారు ఒక్కసారైనా షెడ్డులో రాత్రి షిఫ్టు చూసి వస్తే మంచిది. ఈ శిక్షణలను ఆదివారాల్లో కాకుండా పని వేళల్లోనే పెట్టాలి, మొదటి విడతలో యజమానులను కూర్చోబెట్టాలి.

భవదీయుడు,
ఒక చిన్న పరిశ్రమ స్టోర్స్ ఇన్‌చార్జి,
బాలానగర్, హైదరాబాద్