ఆ టాఫీలు తిన్నది ఎవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

చాక్లెట్లు తింటే పళ్లు పుచ్చుతాయ్ అని డెంటిస్టులు చెప్తారు కదండీ, ఆ మాటకి గట్టి రుజువు ఎక్కడ దొరికిందో తెలిశాక నాకు మనసు బాలేదు. స్వీడన్‌లో లుండ్ అనే ఊళ్లో వీపెహోల్మ్ ఆస్పత్రి, మానసిక వైకల్యం ఉన్నవాళ్లని ఉంచేవాళ్లు అక్కడ, 1945 నుంచి 1955 దాకా సాగిన స్టడీలో వాళ్లలో కొందరికి పళ్లకి అతుక్కుపోయే టాఫీలు పనిగట్టుకుని తినిపించి ఎన్ని పళ్లు పుచ్చాయో లెక్కేశారు, చాలామంది పళ్లు పాడైపోయాయి. వాళ్లని అడిగింది లేదు. మనిషి ఒప్పుకోకుండా ప్రయోగం చెయ్యొద్దనే నూరెంబర్గ్ కోడ్ వచ్చింది కూడా ఆ మధ్యలోనే, 1947లో!

తేలిన విషయం మాత్రం పనికొచ్చేదే, ఒప్పుకోవాలి. ఎంత తీపి తిన్నామన్నదానికంటే భోజనాల మధ్య ఎన్నిసార్లు తిన్నాం, పళ్లకి ఎంతసేపు అతుక్కుందన్నదే ముఖ్యమట. అందుకే అక్కడ పిల్లలకి శనివారం మాత్రమే మిఠాయి అనే అలవాటొచ్చింది.

ప్రతి మనిషీ దేవుడి పోలికలో పుట్టాడని చర్చిలో చెప్పుకునే దేశం మరి, ఆ రోగులు లెక్కలోకి రాలేదా? మన డెంటల్ కాలేజీల్లో రిజల్టుతో పాటు వాళ్ల సంగతీ ఒక క్లాసు చెప్పించండి.

ఇట్లు
ఒక పాఠకుడు, ఏలూరు